పెద్దింటి చీకటి గది

పోయిన ఆదివారం ఒక టీవీ చానల్ వాళ్లు ఓ సోదెమ్మను కూర్చోబెట్టి గంటసేపు ఉతికారు. చచ్చినవాళ్లు ఆమె నోట పలకడమంతా బూటకమని హేతువాది ఒకాయన విడమరిచి చెప్పారు. ఆయన చెప్పింది నిజమే. నా కోపమల్లా ఆ చానల్ మీద. రోజూ పొద్దున్నే అక్కడే పట్టుపంచె పెద్దమనిషి ఒకరు రాశిఫలాలు చెప్పి, కింద ఫోన్ నంబరు వేయించుకుంటారు. ఆయన జోలికి ఎవరూ పోరు.

ఇంద్రజాలికుడు హుడినీ అయితే పెద్దింటి తలుపే తట్టాడు. ఆత్మల లీలలు రుజువు చేస్తే 2,500 డాలర్లిస్తామని 'సైంటిఫిక్ అమెరికన్' పత్రిక ప్రకటించింది. 1924లో బోస్టన్‌కు చెందిన మీనా క్రాండన్, అంటే పత్రికలు 'మార్జరీ' అని పిలిచినామె, ఆ సొమ్ముకు చేరువైంది. భర్త పేరున్న సర్జన్. రైలు ప్రమాదంలో పోయిన ఆమె అన్న వాల్టర్ చీకటి గదిలోకొచ్చి ఈలలు వేసేవాడట, తిట్టేవాడట, గంట మోగించేవాడట. నిజమేదో తేల్చాల్సిన పత్రిక సంఘంలో హార్వర్డ్ ప్రొఫెసర్ కూడా ఉన్నాడు. సంఘం కార్యదర్శేమో ఆ ఇంట్లోనే అతిథిగా మకాం! అత్తారింటి మర్యాదలు అందుకుంటూ మామగారి లెక్కలు తనిఖీ చేసినట్టుంది.

అదే సంఘంలో ఉన్న హుడినీ మాత్రం హోటల్లో దిగాడు. రోజంతా మోకాలి కింద రబ్బరు పట్టీ బిగించి ఉంచాడు. కాలు వాచి, చిన్న స్పర్శకే జివ్వుమనే స్థితికొచ్చింది. రాత్రి ప్యాంటు పైకి మడిచి, ఆమె కాలికి కాలు ఆనించి కూర్చున్నాడు. గంట మోగే ముందు ఆమె చీలమండ రవ్వంత రవ్వంతగా జరగడం అతని చర్మానికి తెలిసిపోయింది. 1925 ఫిబ్రవరిలో బహుమతి లేదన్నారు. వాల్టర్ వేలిముద్రలంటూ మైనం మీద చూపించినవి ఆమె పళ్ల డాక్టరువని 1932లో బయటపడింది. నమ్మినవాళ్లలో కొందరు అప్పటికీ కదల్లేదు. చదువు మనిషిని కాపాడుతుందనేవాళ్లకు ఈ కథ వినిపించాలి.

హుడినీ కడిగిన ముత్యమని నేననను. కదలకుండా ఆమెను కూర్చోబెట్టిన పెట్టెలో మోసానికి పనికొచ్చే మడత స్కేలు దొరికితే, నువ్వు పెట్టావంటే నువ్వు పెట్టావని ఇద్దరూ తిట్టుకున్నారు. అయినా నా ఓటు అతనికే.

ఇలాంటి మోసాల మీద మనకు చట్టమైనా ఉందా? మూఢనమ్మకాల మీద పోరాడిన దభోల్కర్‌ను కాల్చి చంపాక గానీ మహారాష్ట్ర 2013లో కళ్లు తెరవలేదు. కర్ణాటక 2017లో చట్టం చేసుకుంది. చేతబడి నెపంతో మనుషుల్ని కొట్టి చంపిన ఊళ్లున్న మన రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ ఊసే లేదు. ముహూర్తం చూసుకుని నామినేషన్లు వేసేవాళ్లు ఆ బిల్లు ఏ ముహూర్తాన పెడతారు?

చానళ్లను అనేముందు మన పత్రికలో వారఫలాలు ఆపమని సంపాదకుణ్ణి అడిగాను. "మీ శీర్షిక ఓ వారం రాకపోతే ఎవరూ అడగరు. అవి రాకపోతే ఫోన్లు ఎత్తలేక చస్తాం" అన్నారు.