కంచె కొట్టకపోతే ముందు ఎర్తు చూడండి

సోలార్ కంచె వేసుకున్న రైతులు ఎండాకాలం రాగానే ఒకటే మాట చెబుతుంటారు. పెట్టె టిక్కు టిక్కుమంటూనే ఉంది, గేదె మాత్రం తీగను తోసుకుని పక్క చేలోకి పోతోంది అని. వెంటనే పెట్టె చెడిపోయిందని తీర్మానించి డీలరు దగ్గరికి మోసుకెళ్తారు. అక్కడ పెట్టి చూస్తే అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. రానూపోనూ చార్జీలు దండగ.

ఈ కంచె ఎలా కొడుతుందో తెలిస్తే జబ్బు ఎక్కడుందో తెలుస్తుంది. సుమారు సెకనుకొకసారి పెట్టెలోంచి వేల వోల్టుల దెబ్బ తీగలోకి వెళుతుంది. పశువు ముట్టుకుంటే అది ఒంట్లోంచి నేలలోకి దిగి, ఎర్తు కడ్డీ ద్వారా తిరిగి పెట్టెకు చేరాలి. నేల ఎండిపోతే ఈ తిరుగు దారి మూసుకుపోయినట్టే. తీగలో వోల్టేజి నిండుగా ఉన్నా పశువుకు చురుక్కుమనదు. మెట్ట ఎర్రనేలల్లో ఏప్రిల్, మే నెలల్లో జరిగేది ఇదే. మూరెడు కడ్డీ ఒక్కటి పాతి వెళ్లిపోయే వాళ్లను నమ్ముకుంటే అంతే మరి. ఆరడుగుల జీఐ కడ్డీలు కనీసం మూడు, పదేసి అడుగుల ఎడంలో పాతి, జీఐ తీగతోనే కలపాలి. రాగి తీగ కలిపితే అతుకు దగ్గర తుప్పు పడుతుంది. వేసవిలో కడ్డీల మొదట్లో నీళ్లు పోస్తుండండి. ఇంటి కరెంటు ఎర్తుకు మాత్రం దీన్ని కలపరాదు, కనీసం 10 మీటర్ల దూరం ఉండాలి.

ఎర్తు సరిపోయిందో లేదో చూడడం కష్టమేం కాదు. పెట్టె ఆపి, వంద మీటర్ల అవతల రెండు మూడు ఇనుప కడ్డీలు నేలలో దిగ్గొట్టి తీగకు ఆనించండి. మళ్లీ పెట్టె వేసి, కంచె వోల్టుమీటరు ఒక కొసను చివరి ఎర్తు కడ్డీకి తాకించి, రెండో కొసను మీటరు దూరంలో నేలలో గుచ్చండి. 300 వోల్టులు దాటి చూపిస్తే కడ్డీలు చాల్లేదన్నమాట. ఎలక్ట్రీషియన్ల మామూలు టెస్టరు దీనికి పనికిరాదు.

వానాకాలంలో కథ తిరగబడుతుంది. నేల తడి బాగుంటుంది గానీ, గడ్డి ఎదిగి తీగను తాకి కరెంటును తాగేస్తుంది. తీగను విడదీసి పెట్టె ఒక్కదాన్నే చూడండి. వోల్టేజి నిండుగా వస్తే తప్పు బయట ఉంది. కంచెను సగం సగం విడదీస్తూ పోతే ఏ వైపు కారుతోందో దొరుకుతుంది. ఖర్చు కలిసొస్తుందని సైకిలు ట్యూబు ముక్కలు చుట్టిన గుంజలే చాలాసార్లు దొంగలు. చీకటి పడ్డాక తీగ వెంట నడిస్తే చిటచిట శబ్దం, నీలి మెరుపు పట్టించేస్తాయి. పెట్టే సరిగా కొట్టకపోతే బ్యాటరీ నీళ్లు, పలక మీద దుమ్ము, చెట్టు నీడ చూసుకోవాలి.

గొర్రెల కాపరులకు ఒక మాట. నెల్లూరు జాతికి ఉన్ని ఉండదు కాబట్టి ఫర్వాలేదు. దక్కని గొర్రెకు ఉన్ని అడ్డుపడి దెబ్బ తగలదు, అందుకని ఒక తీగ ముక్కు ఎత్తులో ఉండాలి. ముళ్ల తీగకు ఎప్పుడూ కరెంటు ఇవ్వరాదు. అందులో చిక్కుకున్న జీవం బయటపడలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కంచె కొట్టడం లేదని విసుగెత్తి కొందరు రాత్రిపూట మోటారు లైను నుంచి నేరుగా తీగకు తగిలిస్తున్నారు. అడవి పందుల కోసమట! పెట్టె దెబ్బ రెప్పపాటు కూడా ఉండదు, పశువు వెనక్కి దూకడానికి వ్యవధి ఉంటుంది. 230 వోల్టుల లైను అలా కాదు, ఆగకుండా పారుతుంది, పట్టుకున్న చెయ్యి వదలదు. తెల్లవారుజామున మడికి నీళ్లు కట్టడానికి వచ్చిన పక్క రైతూ, తాడు తెంచుకొచ్చిన మీ ఆవూ దానికి ఒకటే. అది నేరం, జైలు తప్పదు.

నన్నడిగితే ఇందులో సగం తప్పు అమ్మేవాళ్లది. కంచె బిగించిన రోజే రైతు చేత మీటరు పట్టించి ఎర్తు పరీక్ష చేయించాలి. అది చేయనిదే చివరి బాకీ ఇవ్వకండి. మీటరు కొనడం ఒక్కరికి భారమనుకుంటే నలుగురు కలిసి ఒకటి తెచ్చుకున్నా సరిపోతుంది.