మూసకు పడిన నింద

మొన్నొక ఆదివారం డల్లాస్‌లో ఒక మిత్రుని ఇంట సాహిత్యగోష్ఠి జరిగింది. ఒకరు తమ కథను చదివారు. చదవడం ముగిసీ ముగియకముందే పెద్దలొకరు పెదవి విరిచి, "అంతా మూస కథండీ" అని ఒక్క మాటతో దాన్ని పక్కకు నెట్టేశారు. ఏ మూస, ఎవరు చేసిన మూస, అందులో ఏం పోశారు అని ఎవరూ అడగలేదు. నేను అడిగాను. ఆయన నవ్వి, "మీరు ఇంట్లో చేపల ఎరలను మూసల్లో పోసుకుంటారు కదా, మీకు కోపం రావడం సహజమే లెండి" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు. అక్కడ చెప్పలేకపోయిన జవాబే ఈ టపా.

మూస అన్న మాటను తిట్టుగా వాడేవారిలో చాలామంది జీవితంలో ఒక్క మూసనైనా చేసి ఎరుగరు. ఇది నా మొదటి అభియోగం. మూస అంటే కంసాలి లోహాన్ని కరిగించే మట్టిపాత్ర, పోత పోసే అచ్చు కూడా. తెవికీలో ప్రతి పేజీనీ నిలబెడుతున్న టెంప్లేట్లకు మనవాళ్లు పెట్టుకున్న పేరు కూడా మూసే. అక్కడ గౌరవంగా ఉన్న మాట విమర్శకుల నోట పడేసరికి మాత్రం నీచమైపోయింది.

చిన్నతనంలో గోదావరి కాలువ గట్టున తడిమట్టి తవ్వి, ఎర్రను పట్టి గాలానికి గుచ్చినవాణ్ణి నేను. టెక్సస్ వచ్చి లేక్ ఫోర్క్ ఒడ్డున నిలబడ్డాక ఆ ఎర్ర ప్లాస్టిక్‌గా మారింది. ఈ ప్లాస్టిక్ ఎర్ర కూడా ఒకరి వంటింట్లో పుట్టినదే. 1949లో ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్‌లో నిక్ క్రీమ్, ఆయన భార్య కాస్మా కలిసి పొయ్యి మీద వినైల్, నూనె, రంగులు కాచి, వానపాము రూపంలో పోత పోశారు. తరువాత వారి వ్యాపారం మా టెక్సస్‌లోని టైలర్ పట్టణానికి చేరింది.

ఇక పని సంగతి. ప్లాస్టిసాల్ అనే ద్రవం పాలలా తెల్లగా ఉంటుంది. పీవీసీ పొడి రేణువులు ఒక నూనెవంటి ద్రవంలో తేలుతూ ఉండటమే దాని నిర్మాణం. సుమారు 350 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 177 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తే ఆ తెలుపు పోయి నిర్మలంగా మారుతుంది. అప్పుడు అచ్చులో పోస్తే చల్లారి, మెత్తని రబ్బరులా సాగే పురుగు అవుతుంది. అచ్చు లేకుండా బల్ల మీద పోస్తే ఏమవుతుంది? మడుగవుతుంది. మూసను ఛేదించామని చెప్పుకునే రచనలు కొన్ని చదివినప్పుడు నాకు ఆ మడుగే గుర్తుకొస్తుంది.

అచ్చు చేయడం పోత పోయడంకన్నా ఎన్నో రెట్లు కష్టం. ముందు పాలిమర్ బంకమట్టితో పురుగు నమూనాను మలిచి, ఓవెన్‌లో కాల్చి గట్టిపరచాలి. దాన్ని డబ్బా అడుగున అతికించి, పైన పెట్రోలియం జెల్లీ పలుచగా పూయాలి. నీళ్లలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడిని చల్లుతూ కలిపి, నమూనా మునిగేలా పోసి, బుడగలు పైకి వచ్చేలా డబ్బాను తట్టాలి. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు చేతికి తెలిసేంత వెచ్చబడుతుంది. తీసిన అచ్చును రోజుల తరబడి ఆరబెట్టి, పలుచని ఎపాక్సీ పూతతో దాని రంధ్రాలు మూయాలి. ఇందులో తొందర పనికిరాదు. తడి మిగిలిన అచ్చులో కాగిన ప్లాస్టిసాల్ పడితే నీరు ఆవిరై, ద్రవం ఎగిరి చేతుల మీద పడుతుంది. నా ఎడమ చేతి మీద ఆ పాఠం మచ్చగా మిగిలింది.

ఇప్పుడు నా నేరాన్ని ఒప్పుకోవాలి. నేను చేసిన మొదటి అచ్చుకు నమూనా నాది కాదు. దుకాణంలో కొన్న ఒక పురుగును తెచ్చి ప్లాస్టర్‌లో నొక్కాను. కొన్న పురుగు మెత్తన. లోపలికి వంగిన చోట్లున్నా, సాగి, అచ్చులోంచి సులువుగా జారి వస్తుంది. మనం మలిచిన గట్టి నమూనాకు అటువంటి వంపు ఒక్కటున్నా అది ప్లాస్టర్‌లో ఇరుక్కుని అచ్చునే పగలగొడుతుంది. అందుకే సొంత నమూనాకన్నా దొంగ నమూనా తేలిక. నా మట్టి పురుగులు రెండు అచ్చులను పగలగొట్టాక ఓపిక నశించి ఆ దొంగదారి పట్టాను. అలా పోసిన మూడు డజన్ల పురుగులను చెరువు దగ్గర పరిచయస్థులకు పంచి, "నా స్వహస్తాలతో చేసినవి" అని చెప్పుకున్నాను. అక్కడ ఒక ముసలాయన పురుగును గోటితో తిప్పి చూసి, మెడ దగ్గరున్న చిన్న గీతను చూపించి, అది ఏ కంపెనీ పురుగో చెప్పేశాడు. ఆ కంపెనీ అచ్చు వదిలిన గీత నా అచ్చులోకీ, నేను పోసిన ప్రతి పురుగులోకీ యథాతథంగా దిగింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. పురుగును నా అరచేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఆ రోజు అబద్ధమాడింది నేను. మూస నిజమే చెప్పింది. దానికి ఏమిస్తే అదే తిరిగి ఇస్తుంది. దొంగ సొత్తు ఇస్తే దొంగ సొత్తునే గుర్తులతో సహా బయటపెడుతుంది.

కనుక ఆ పెద్దాయనకు నా జవాబు ఇది. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ అన్న గణాలూ, పదవ అక్షరాన యతీ నన్నయ కాలం నుంచీ ఉన్నాయి. శ్రీనాథుడూ పోతనా అదే అచ్చులో పోశారు. అచ్చు ఒకటే అయినంత మాత్రాన ఒకరి పద్యం మరొకరిది అయిపోలేదు. అంతెందుకు, ఈ పేజీలో మీరు చదువుతున్న ప్రతి అక్షరమూ ఒక అచ్చులోంచి వచ్చినదే. మూసలో పోసినది అన్నంత మాత్రాన అది దోషం కాదు.

మరి దోషాలే లేవా? ఉన్నాయి, కాని వాటికి వేర్వేరు పేర్లున్నాయి. నమూనా పరులదైతే అది చౌర్యం. అచ్చు ఆరకముందే పోస్తే అది తొందరపాటు. ద్రవాన్ని అతిగా కాస్తే పసుపెక్కి, మాడి, హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన విషవాయువు వదులుతుంది. రచనలో అటువంటిదాన్ని అతి అంటాం. చేపలు ముట్టడం మానేసినా అదే పురుగును పోస్తూ కూర్చుంటే అది సోమరితనం. విమర్శకుడు వీటిలో ఏది జరిగిందో చెప్పాలి. ఏదీ చెప్పకుండా "మూస" అనేస్తే రచయిత దేన్ని దిద్దుకోవాలి? నా మటుకు నాకు, ఆలోచించకుండా ఎక్కడపడితే అక్కడ పోసే ఆ ఒక్క మాటే మన విమర్శలో అన్నిటికన్నా అరిగిపోయిన మూస. పైగా ఆ మాట చాటున అసలు దొంగలు తప్పించుకుంటున్నారు. సాటి బ్లాగరు టపాను పేరు తీసేసి తన పేజీలో అతికించుకున్నవాణ్ణి వదిలేసి, తన బతుకులోంచి తీసిన సంగతిని పాత పద్ధతిలో చెప్పినవారిని వెక్కిరిస్తున్నాం. ఆ రోజు గోష్ఠిలో కథ చదివినావిడ మళ్లీ మా సమావేశాలకు రాలేదు. నా కోపానికి అసలు కారణం అదే.

ఆ దొంగ అచ్చును సుత్తితో పగలగొట్టాను. ఇప్పుడు వాడుతున్నది నేను మలిచిన నమూనాతో చేసినది, నాలుగో ప్రయత్నంలో నిలిచింది. తోక కొంచెం వంకర. ఒక పక్క, బంకమట్టి మెత్తగా ఉండగా పడిన నా బొటనవేలి ముద్ర ఉంది. ప్లాస్టర్ దాన్ని గీత గీతగా పట్టుకుంది కనుక ప్రతి పురుగు మీదా అది వస్తుంది. చిరిగిన పురుగులను చెరువులో వదలను. అవి కుళ్లవు, చేపల కడుపుల్లోకి పోతాయి. ఇంటికి తెచ్చి, కరిగించి, మళ్లీ అదే అచ్చులో పోస్తాను.

ఆ ముసలాయన మళ్లీ కనిపిస్తే ఒకటి చేతిలో పెడదామని సంచీలో ఉంచుకున్నాను. ఆ కథ రాసినావిడ ఈ టపా చదివితే, మీ తరువాతి కథ మా ఇంట్లో వినిపించండి. ఏ అచ్చులో పోసినా సరే.