షౌక్ ట్రాక్ మీద, ఖాన్‌దాన్ వెనక సీట్లో



ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు మన ఇళ్లలో చాలావరకు కారు అంటూ ఉంటే ఒక్కటే ఉంటుంది. జుమ్మాకి మస్జిద్‌కి వెళ్లేదీ అదే, నానీమాని ఆసుపత్రికి తీసుకెళ్లేదీ అదే, కైకలూరులో నిఖా ఉంటే ఆరుగురు ఇరుక్కుని ఎక్కేదీ అదే. ఇప్పుడా కారు మీద ఇంట్లో నౌజవాన్ కన్ను పడింది. కంపెనీ షాకబ్జర్లు పీకేసి, ఎత్తూ గట్టిదనమూ మనమే తిప్పుకునే కాయిలోవర్లు వేయిస్తానంటాడు. ఏడాదికి ఒకటి రెండుసార్లు చెన్నై వెళ్లి ట్రాక్ మీద తోలతానంటాడు. అబ్బా "పైసా బర్‌బాద్" అంటారు. అమ్మీ "జాన్‌కి ఖత్రా" అంటుంది. తకరార్ మొదలవుతుంది.

నా రాయ్ సూటిగా చెప్పేస్తాను. ఈ షౌక్ గునాహ్ కాదు, ట్రాక్‌కి వెళ్లడం ఆవారాతనమూ కాదు. కానీ ఒకే కారుతో రెండు పనులూ చేయించాలనుకుంటే స్ప్రింగుని ఇంటి రోడ్డు చూసి ఎంచుకోవాలి. ట్రాక్ కోసం డ్యాంపర్ నాబ్ తిప్పుకోవాలి. ఎత్తు తగ్గించడం అన్నిటికంటే ఆఖరి మాట. మన పిల్లలు ఎక్కువగా దీన్ని తలకిందులుగా చేస్తున్నారు. ముందు బండి దించేస్తారు, తర్వాత గట్టి స్ప్రింగు వేస్తారు, నాబ్ సంగతి చివర్న.

హిసాబ్ చూద్దాం. మనకు దగ్గరలో ఉన్న పక్కా ట్రాక్ చెన్నై శివార్లలో, శ్రీపెరంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. 1990లో మొదలైంది. ఒక చుట్టు సుమారు 3.7 కిలోమీటర్లు. ఏలూరు నుంచి ఎన్‌హెచ్ 16 పట్టుకుని వెళితే చెన్నై దాదాపు 500 కిలోమీటర్లు. రోజంతా ఇరవై చుట్లు తిరిగినా ట్రాక్ మీద నడిచేది 74 కిలోమీటర్లే. వెళ్లి రావడానికే వెయ్యి కావాలి. మిగతా ఏడాదంతా భీమడోలు, ఉంగుటూరు, కైకలూరు. ఈ లెక్కలో బండి ఎవరికి నౌకరీ చేస్తోందో తెలుస్తూనే ఉంది.

పైగా మన ఇలాకా రోడ్ల తబియత్ వేరు. కొల్లేరు చుట్టూ నల్లమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. దాని మీద వేసిన తారు కొన్నాళ్లకే అలలు తిరుగుతుంది. చేపల లారీలు, మేత లారీలు రాత్రీ పగలూ తొక్కి చాళ్లు చేస్తాయి. చేపల లోడు నుంచి నీళ్లు కారి రోడ్డు తడిగా ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేరుకి చేరినప్పుడు ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికే నీళ్లెక్కాయి. ఈ రోడ్డుకి కావలసింది చక్రం కిందికీ పైకీ ఆడే జాగా. ఆ జాగానే బండి దించినప్పుడు మొదట పోతుంది.

ఎవరి పని ఏమిటో కాస్త చెబుతాను, ఎందుకంటే షాపువాడు ఇది చెప్పడు. స్ప్రింగు బరువు మోస్తుంది. దాని గట్టిదనాన్ని కిలోల్లో చెబుతారు. 4 కిలోల స్ప్రింగు అంటే ఒక మిల్లీమీటరు నొక్కుకోవడానికి 4 కిలోల బరువు కావాలి. 8 కిలోలదైతే దానికి రెట్టింపు. డ్యాంపర్, అంటే షాకబ్జర్, ఆ స్ప్రింగు ఊగుడుని ఆపుతుంది. కాయిలోవర్ మీద టిక్ టిక్ మని తిరిగే నాబ్ ఈ డ్యాంపర్‌ది. దాన్ని ఎంత తిప్పినా స్ప్రింగు మారదు. 8 కిలోల స్ప్రింగు వేసి, "ఇంటికొచ్చాక నాబ్ మెత్తగా పెట్టుకుంటాను అమ్మీ" అనే మాట భరోసా ఇచ్చేది కాదు. గట్టి స్ప్రింగు అలాగే ఉంటుంది, దాన్ని పట్టుకోవలసిన డ్యాంపర్ వదులవుతుంది. అప్పుడు బండి గతుకు దాటాక కూడా ఎగురుతూనే ఉంటుంది. అది సుకూన్ ఇవ్వదు, పైగా బ్రేకు వేసినప్పుడు టైరు రోడ్డుని సరిగా పట్టదు.

ఎదురుగా ఇంకో దారి ఉంది. స్ప్రింగు కంపెనీ దానికంటే కొంచెమే గట్టిగా ఉంచండి. ట్రాక్ మీద నాబ్ కొన్ని క్లిక్కులు బిగించండి. మలుపులో బండి కాస్త ఒరుగుతుంది, చుట్టుకి ఒకటి రెండు సెకన్లు పోతే పోతాయి. ట్రాక్ డేలో కప్పు ఇచ్చేవాళ్లెవరూ లేరు. ఆ సెకన్ల కోసం నానీమా కమర్‌ని కుర్బాన్ చేయక్కర్లేదు.

ఇక ఎత్తు. మారుతి స్విఫ్ట్ కింద ఖాళీ 163 మిల్లీమీటర్లని కంపెనీ చెబుతుంది. మన అబ్బాయి 40 దించాడనుకుందాం. 123 మిగిలింది. వెనక ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుంటే 200 కిలోలు. వెనక రెండు స్ప్రింగులూ చెరో 4 కిలోలవైతే బండి వెనక ఇంకో 25 మిల్లీమీటర్లు కుంగుతుంది. మిగిలింది 98. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం పద్ధతిగా వేసిన స్పీడ్ బ్రేకరే 100 మిల్లీమీటర్ల ఎత్తుంటుంది, అదీ 3.7 మీటర్ల వెడల్పున మెల్లగా లేచి దిగేలా. మన ఊళ్లలో రాత్రికి రాత్రి సిమెంటుతో పోసే గుట్టలకి ఏ లెక్కా లేదు. "గట్టి స్ప్రింగు వేస్తే అంత కుంగదు కదా" అని అబ్బాయి జవాబు చెబుతాడు. నిజమే, సగమే కుంగుతుంది. ఆ మిగిల్చిన మిల్లీమీటర్ల కీమత్ ప్రతి గతుకులో వెనక సీటువాళ్లు కడతారు.

దించితే ట్రాక్ మీద ఫాయిదా ఎప్పుడూ ఉంటుందనుకోవడం కూడా గలత్‌ఫహ్మీ. స్విఫ్ట్, పోలో లాంటి బళ్లకి ముందు మాక్‌ఫెర్సన్ స్ట్రట్ ఉంటుంది. మరీ దించితే కింది ఆర్మ్‌లు చక్రం వైపు పైకి వాలిపోతాయి, మలుపులో బండి ఒరిగే గుణం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. షాకబ్జర్ ఆడే జాగా అయిపోతే బంప్ స్టాప్ రబ్బరుకి కొట్టుకుంటుంది. మలుపు మధ్యలో అలా జరిగితే టైరు ఒక్కసారిగా పట్టు వదులుతుంది.

కాబట్టి కొనేముందు దుకాణంలో నాలుగు సవాళ్లు అడగండి. ఒకటి, ఎత్తు ఎలా మారుతుంది? స్ప్రింగు కింది పళ్లాన్ని దించే రకమైతే చక్రం పైకి ఆడే జాగా తగ్గుతుంది, స్ప్రింగు వదులయ్యే ప్రమాదమూ ఉంది. షాకబ్జర్ అడుగు బ్రాకెట్ మరలు తిరిగే రకమైతే లోపలి ఆట అలాగే ఉంటుంది. రెండోదే మేలు. రెండు, స్ప్రింగు ఎన్ని కిలోలు? చెప్పలేనివాడి దగ్గర కొనకండి. మూడు, ఆయిల్ సీలు పోతే మన దేశంలో విప్పి బాగుచేస్తారా, పడేయాల్సిందేనా? నాలుగు, మరలకి తుప్పు పట్టకుండా కవరు ఉందా? వానాకాలం కొల్లేరు బురదలో ఒక్క సీజను తిరిగితే కడగని, గ్రీజు పెట్టని మర బిగుసుకుపోతుంది. ఆ తర్వాత దాన్ని అడ్జస్టబుల్ అనడం నామ్‌కే వాస్తే.

వేయించాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. హెడ్‌లైటు వాలు కూడా చూపించండి. నాబ్‌ని పూర్తిగా బిగించి, అక్కడినుంచి వెనక్కి క్లిక్కులు లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. ఇంటికి ఒక అంకె, ట్రాక్‌కి ఒక అంకె. ఒకసారి ఒకటే మార్చండి, టైరు గాలి చూశాకే మార్చండి.

కానూన్ మాట కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఆర్‌సీలోని వివరాలు కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, చట్టం ఒప్పుకోని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జుర్మానా, లేదా ఆరు నెలల దాకా ఖైదు, లేదా రెండూ. అందుకే పని మొదలుపెట్టక ముందే ఆర్‌టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్స్ కంపెనీలో అడిగి, జవాబు రాతలో తీసుకోండి. వద్దంటే వద్దు.

ఇప్పుడు అబ్బాలతో ఒక మాట. "ట్రాక్ వద్దు" అని మీరు తలుపు మూస్తే వాడి షౌక్ ఆగదు. ఇషా తర్వాత బైపాస్ మీదికి వెళుతుంది. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది. అలాంటి చోటు ఎంత తిన్నగా కనిపించినా ట్రాక్ కాదు. మలుపు దగ్గర జెండా పట్టుకున్న మనిషి ఉండడు, అంబులెన్స్ ఉండదు, ఎదురుగా ఏ గేదె వస్తుందో తెలియదు. రోడ్డు మీద పందెం వేస్తే సెక్షన్ 189 కింద మొదటిసారే మూడు నెలల ఖైదు దాకా ఉంది. ట్రాక్‌లో హెల్మెట్ లేనిదే లోపలికి పోనివ్వరు, అందరూ ఒకే దిక్కుకి తోలతారు. మన కౌమ్‌లో ఈ దారిన ఇజ్జత్‌గా నడిచినవాళ్లు లేకపోలేదు. చెన్నైకి చెందిన అక్బర్ ఇబ్రహీం రేసర్‌గా మొదలై దేశ మోటార్ స్పోర్ట్స్ సమాఖ్యకి అధ్యక్షుడయ్యారు. ఆయన కొడుకు అర్మాన్ ఇబ్రహీం విదేశీ ట్రాకుల మీద తోలాడు.

బేటా, నీతోనూ ఒక మాట. మొదటిసారి ట్రాక్‌కి వెళ్లడానికి కాయిలోవర్లు అక్కర్లేదు. మంచి టైర్లు, కొత్త బ్రేక్ ప్యాడ్లు, మార్చిన బ్రేక్ ఆయిల్, హెల్మెట్. కంపెనీ సస్పెన్షన్‌తోనే వెళ్లు. బండికి ఏం తక్కువైందో, నీకు ఏం తక్కువైందో అక్కడ తెలుస్తుంది. ఆ తర్వాత కూడా కావాలనిపిస్తే హలాల్ కమాయిలోంచి జమ చేసుకుని కొను. సూద్ మీద ఈఎంఐ పెట్టి కొనేంత జరూరత్ ఇందులో లేదు.

వేయించిన రోజు దోస్తుల్ని ఎక్కించుకుని హైవే మీదికి పోకు. అమ్మీని, నానీమాని, చెల్లెల్ని వెనక కూర్చోబెట్టి ఏలూరు నుంచి కైకలూరు దాకా తోలు. దిగాక ముగ్గురినీ అడుగు, వాళ్లు చెప్పినదాన్ని బట్టి క్లిక్కులు మార్చు. ఎంత మార్చినా నానీమా నడుము పట్టుకుని దిగుతుంటే, నాబ్‌ని వదిలేసి స్ప్రింగు మార్పించు.