చెట్టు పేరు తెలియని భక్తి

కొన్నేళ్ల క్రితం ఒక వేసవిలో మా సంఘం నుంచి సండే స్కూలు పిల్లల్ని, యువకుల్ని కలిపి నలభై మందిని కొడైకెనాల్‌కు క్యాంపుకు తీసుకెళ్లాం. మూడు రోజుల కార్యక్రమం. ఉదయం ఆరింటికి ప్రార్థన, ఎనిమిదింటికి టిఫిను, తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా ప్రసంగాలు, బైబిలు క్విజ్, కంఠత వాక్యాలు, పాటలు. అన్నీ ఒకే హాల్లో. కిటికీ అవతల కొండ, లోయ, పొగమంచు. పిల్లలు మాటిమాటికీ అటే చూస్తున్నారని తెరలు వేయించింది కూడా మేమే.

మూడో రోజు సాయంత్రం బస్సెక్కే ముందు ఒక గంట సరస్సు దగ్గర తిప్పాం. అక్కడ ఒక చెట్టు కింద నిలబడి, ఆరో తరగతి చదివే కుర్రాడు "అయ్యగారూ, ఇదేం చెట్టండీ?" అని అడిగాడు. పాస్టరుగారు మా వైపు చూశారు. మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "దేవుడు చేసిన చెట్టు నాయనా" అని మాలో ఒకరు సర్దిచెప్పబోయారు. వాడు ఊరుకోలేదు. "దేవుడు చేశాడని నాకూ తెలుసండీ, పేరే తెలీదు" అన్నాడు.

ఆ మాట మమ్మల్ని ఇంటిదాకా వెంటాడింది. మూడు రోజులు సృష్టికర్తను స్తుతిస్తూ పాటలు పాడించాం. కాని కళ్లెదుట ఉన్న ఆయన సృష్టిలో ఒక్కదాని పేరైనా చెప్పలేకపోయాం. ఎదురుగా ఉన్న బహుమానాన్ని విప్పి చూడకుండానే ఇచ్చినవారికి వందనాలు చెప్పి వచ్చినట్టయింది.

బైబిలు చూస్తే మానవుడికి దేవుడు అప్పగించిన తొలి పనుల్లో ఒకటి తోటను సాగుచేసి కాపాడటం, మరొకటి జీవులకు పేర్లు పెట్టడం (ఆదికాండము 2:15, 19). సొలొమోను జ్ఞానాన్ని వర్ణించేటప్పుడు అతడు లెబానోనులోని దేవదారు మొదలుకొని గోడలో మొలిచే హిస్సోపు మొక్క వరకు చెట్లను గురించి, పక్షులను, చేపలను గురించి మాట్లాడాడని గ్రంథం ప్రత్యేకంగా చెబుతుంది (1 రాజులు 4:33). ఇక మన ప్రభువు బోధించిన చోట్లు చూడండి. కొండ చరియ, సరస్సు ఒడ్డు, పడవ, పొలంగట్టు. పక్షులను గమనించమని, అడవి పువ్వులు ఎలా ఎదుగుతాయో ఆలోచించమని శిష్యులకు చెప్పాడు (మత్తయి 6:26, 28). అది ఉపమానానికి అలంకారం కాదు, ఆజ్ఞ. ఆ ఆజ్ఞను మనం ప్రసంగాంశంగా మార్చుకుని, కిటికీలు మూసి మరీ వివరిస్తున్నాం.

కొడైకెనాల్‌కూ క్రైస్తవులకూ ఉన్న బంధం పాతది. మైదానంలోని జ్వరాలకు, కలరాకు తమవారిని పోగొట్టుకున్న మదురై అమెరికన్ మిషనరీలు 1845లో ఈ పళని కొండల మీద, దాదాపు 2,100 మీటర్ల ఎత్తులో మొదటి బంగళాలు కట్టుకున్నారు. 1863లో మదురై కలెక్టరు వెరె లెవింజ్ వాగుకు అడ్డంగా కట్ట వేయించగా నక్షత్రం ఆకారంలో సరస్సు ఏర్పడింది. 1901లో మిషనరీల పిల్లల కోసం ఒక బడి మొదలైంది. మన తెలుగు ప్రాంతంలో సేవచేసిన మిషనరీల పిల్లలు కూడా అక్కడ చదువుకున్నారు. అదే నేటి కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూలు. కొండల్లో నడక, గుడారాల్లో బస ఆ బడి చదువులో భాగం. మనకు సువార్త తెచ్చినవారి పిల్లలు అడవిని బడిగా చేసుకున్నారు. మనం అడవిలోకి హాలును మోసుకెళ్తున్నాం.

ఆ కుర్రాడి ప్రశ్నకు తర్వాత జవాబు దొరికింది. అది వాటిల్ చెట్టు. ఆస్ట్రేలియా జాతి. తోళ్లు పదును చేయడానికి పనికొచ్చే బెరడు కోసం, వంటచెరకు కోసం ఆ కొండల మీద నాటించారు. నీలగిరి, పైన్ చెట్లు కూడా అలా వచ్చినవే. ఆ కొండల సొంత అడవిని అక్కడ షోలా అంటారు. లోయల మడతల్లో గుబురుగా షోలా, చుట్టూ వాలుల మీద పచ్చిక. వానాకాలపు నీటిని ఈ రెండూ స్పంజిలా పీల్చి దాచుకుని, వాగుల్లోకి కొద్దికొద్దిగా వదులుతాయి. దిగువన వైగై నదికి, కావేరికి ఉపనది అయిన అమరావతికి ఆ వాగులే నీరిస్తాయి. ఖాళీ నేల కదా అని పచ్చిక మీద పరాయి చెట్లు నాటడంతో ఆ పచ్చికలో చాలా భాగం కనుమరుగైంది. చెట్టు నాటడం మంచిపనే. కాని ఎక్కడ, ఏ చెట్టు అన్నది తెలియకపోతే మంచిపని కూడా కీడు చేస్తుంది. దేవుడు తోటను కాపాడమన్నాడంటే ముందు దాన్ని తెలుసుకోమన్నట్టే కదా!

రెండేళ్ల తర్వాత మళ్లీ వెళ్లాం. ఈసారి ఒక పూట ప్రసంగం తగ్గించి, అనుమతి తీసుకుని, స్థానిక గైడు వెంట ఇరవై మంది చొప్పున పిల్లల్ని షోలాలోకి తీసుకెళ్లాం. మైకు లేదు, పాట లేదు. పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదన్నాం. మొదటి రెండు నిమిషాలు కిసుక్కున నవ్వులు. తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నీటి చప్పుడు వినిపించింది. మూడు వారాలుగా వాన లేదని గైడు చెప్పాడు. రాలిన ఆకుల కింద మట్టిని పిల్లలు వేళ్లతో తాకి చూస్తే తడిగా ఉంది. ఆ రాత్రి సాక్ష్యాల సమయంలో ఒకమ్మాయి లేచి, దేవుణ్ణి నమ్ముకున్నవాడు నీటి ఒడ్డున నాటిన చెట్టులాంటివాడని, వానలేని ఏడాది కూడా దిగులుపడడని యిర్మీయా రాసిన మాట (17:8) క్రితంసారి కంఠస్థం చేశానని, ఈరోజే అర్థమైందని చెప్పింది. మా ప్రసంగాలన్నీ చేయలేని పని గుప్పెడు తడిమట్టి చేసింది.

"ఆత్మీయ క్యాంపని డబ్బు కట్టాం, పిక్నిక్‌కి కాదు" అని సంఘంలో కొందరు పెద్దలు అన్నారు. వారి బాధలో న్యాయముంది. ఆటవిడుపు పేరుతో దేవుణ్ణి మరచిన విహారాలు మనం చూడనివి కావు. కాని అలసిన శిష్యుల్ని ఏకాంత స్థలానికి వచ్చి కొంచెం అలసట తీర్చుకోమన్నది ప్రభువే (మార్కు 6:31). పిల్లలు పరుగెత్తడం, నవ్వడం, పడవలో తెడ్డు వేయడం భక్తికి విరోధం కాదు. సృష్టిని చూడకపోవడమే విరోధం.

మరో మాట దాచకుండా ఒప్పుకోవాలి. మన గుంపులు వెళ్లిన చోట థర్మోకోల్ ప్లేట్లు, నీళ్ల సీసాలు, లౌడ్‌స్పీకర్ల హోరు మిగులుతున్నాయి. వాహనాల తాకిడి తట్టుకోలేక 2024 మే నుంచి ఊటీ, కొడైకెనాల్ వచ్చేవారికి ఈ-పాస్ ఉండాలని మద్రాసు హైకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. ఆ రద్దీలో మన బస్సులూ ఉన్నాయి.

అందుకే సంఘాలకు మా మనవి. ప్రతి రిట్రీటులో సగం పూటైనా బయట గడపండి. అటవీశాఖ అనుమతి లేకుండా అడవిలో అడుగుపెట్టవద్దు. అడవిదున్నలు తిరిగే చోట స్థానికులు చెప్పిన దారి దాటవద్దు. లైఫ్ జాకెట్టు లేకుండా పడవ ఎక్కనివ్వవద్దు, సరస్సులో ఈతకు దిగనివ్వవద్దు. స్టీలు ప్లేట్లు మోసుకెళ్లండి. సండే స్కూలు టీచర్లు ముందుగా పది చెట్ల పేర్లు, పది పక్షుల పేర్లు నేర్చుకోండి. కొడైకెనాల్ దాకా వెళ్లలేని సంఘాలకు దగ్గరలోనే ఎన్నో ఉన్నాయి. వరంగల్ వైపువారికి కొండల నడుమ కాకతీయుల నాటి పాకాల చెరువు ఉంది. రాయలసీమవారికి హార్సిలీ హిల్స్ ఉంది. ఏదీ కుదరకపోతే ఊరి చెరువుగట్టు చాలు.

ఆ కొండల పచ్చికలో నీలకురింజి అనే మొక్క పన్నెండేళ్లకొకసారి పూస్తుంది. 2006లో పూసింది, 2018లో పూసింది. మళ్లీ 2030లో పూయాలి. ఇప్పుడు మన సండే స్కూల్లో ఉన్న పిల్లలు అప్పటికి యువకులవుతారు. ఆ పువ్వు పూయడానికి పచ్చిక మిగిలి ఉండాలి. దాన్ని చూసి పేరుపెట్టి పిలిచి, చేసినవాణ్ణి స్తుతించడానికి మన పిల్లలకు కళ్లుండాలి. మొదటిది దేశమంతా చూసుకోవాల్సిన పని. రెండోది మాత్రం మన సంఘాల చేతుల్లోనే ఉంది. ఈ వేసవి క్యాంపులో ముందుగా కిటికీ తెరలు తీద్దాం.