వికలాంగ విద్యార్థులు – తలిదండ్రుల కర్తవ్యము

కన్ను కానరాని బిడ్డకు, చెవి వినరాని బిడ్డకు కళాశాల చదువేల యని పెదవి విరచువారు మనలో నేటికిని లేకపోలేదు. చదువు చెప్పింపబూనిన తలిదండ్రులలో సయితము పలువురు, లోపము నలుగురికి తెలిసినచో సంబంధములు చెడునను భయమున దానిని అధ్యాపకులకు తెలియనీయరు. బిడ్డమీది ప్రేమయే ఇందుకు కారణమని మే మెరుగుదుము. అయినను ఆ మౌనమువలన నష్టపోవునది బిడ్డయే.

1995 నాటి శాసనమునకు మారుగా 2016లో వెలువడిన వికలాంగుల హక్కుల చట్టము 21 విధములగు వైకల్యములను గుర్తించినది. చదువుటలో, వ్రాయుటలో కలుగు ప్రత్యేకమైన చిక్కులును అందు చేరియున్నవి. ప్రభుత్వ కళాశాలలును, ప్రభుత్వ సహాయము పొందు కళాశాలలును, 40 శాతమునకు తగ్గని వైకల్యము గలవారికి నూటికి 5 స్థానములైన కేటాయింపవలయును. వ్రాయసకాని సహాయముతో పరీక్ష వ్రాయువారికి గంటకు 20 నిమిషములకు తగ్గని అదనపు కాలము నీయవలయునని 2018లో కేంద్రప్రభుత్వము నిర్దేశించెను. వ్రాతలో చేయి బిగిసిపోవు వ్యాధి గల యొక అభ్యర్థి విషయమున, 40 శాతము వైకల్యము లేదను నెపమున వ్రాయసకాని నిరాకరింపరాదని 2021 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. కావున ఈ సదుపాయములు ఒకరి దయాభిక్షలు కావు.

అయినను అడుగనిదే అమ్మయైన పెట్టదు. తలిదండ్రులు మొదట ప్రభుత్వ వైద్యుల ధ్రువపత్రమును సంపాదింపవలయును. వ్రాయసకాడా, అదనపు కాలమా, మెట్లెక్క నక్కరలేని తరగతిగదియా, కంప్యూటరు చదివి వినిపింపగల పాఠ్యప్రతియా – కావలసిన దేదియో స్పష్టముగ అర్జీలో వ్రాయింపవలయును. ఇది పరీక్షకు ముందునాడు చేయదగిన పని కాదు, ప్రవేశమునాడే జరుగవలయును. అర్జీ నకలును, ముట్టినట్టి రశీదును భద్రపరుపవలయును. ప్రభుత్వ సంస్థలలో ఇందుకై ఫిర్యాదుల అధికారి యుండవలయునని చట్టము విధించినది. రాష్ట్ర వికలాంగుల కమిషనరునకు మొరపెట్టుకొనుటకును త్రోవ కలదు.

అన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు. ప్రధానాచార్యుని యెదుట తండ్రియే అంతయు మాటలాడ, బిడ్డ తల వంచుకొని నిలుచుట మేలు కాదు. తన అవసరమును తాను చెప్పుకొన నేర్వనివాని వెంట రేపు ఉద్యోగశాలకు తండ్రి పోజాలడు. 18 ఏండ్లు నిండిన బిడ్డ, కుమారుడైనను కుమార్తెయైనను, తన అర్జీపై తానే వ్రాలు చేయవలయును. తలిదండ్రులు ప్రక్కన నిలువవచ్చును, మరచినదానిని అందింపవచ్చును, అన్యాయము జరిగినచో పోరాడవచ్చును. మాట మాత్రము బిడ్డదే కావలయును.