బి.డి.ఎల్. అంటే నీళ్లు మంచివనేనా?



బోరు నీళ్లు పరీక్ష చేయించి, ఆ రిపోర్టు తెచ్చి మాకు చూపించే కుటుంబాలు ఈమధ్య ఎక్కువయ్యాయి. సంతోషం. అయితే సీసం అన్న పేరుకు ఎదురుగా 'బి.డి.ఎల్.' అనో 'ఎన్.డి.' అనో ఉంటే, "మా నీళ్లలో సీసం లేదండీ సిస్టరుగారూ" అని నిశ్చింతగా వెళ్లిపోతున్నారు. ఆ అక్షరాలు ఆ మాట చెప్పడం లేదు.

ల్యాబు పద్ధతి కనిపెట్టగలిగిన కనీస మోతాదు కంటే తక్కువ ఉంది అనే వాటి అర్థం. ఆ కనీస మోతాదు ఎంత? మేము చూసిన కొన్ని రిపోర్టుల్లో అదే లేదు. ఆ అంకె లేని రిపోర్టు మా దృష్టిలో సగం రిపోర్టే.

మా వార్డు సంగతే చూడండి. మామూలు గాజు థర్మామీటరు గీతలు 94, 95 డిగ్రీల దగ్గర మొదలవుతాయి. ఒళ్లు చల్లబడిన పసిబిడ్డకు దాన్ని పెడితే పాదరసం అడుగునే ఉంటుంది. వేడి 94 దగ్గర ఉందో, 91కి పడిపోయిందో తెలియదు. అందుకే పసిబిడ్డలకు అంతకంటే కింది డిగ్రీలు కూడా చూపించే థర్మామీటరు కావాలి.

నీళ్లకూ అంతే. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500. లీటరుకు 0.05 మిల్లీగ్రాముల దాకా సీసం ఉండవచ్చని 1991లో అందులో ఉండేది. 2012లో దాన్ని 0.01కి తగ్గించారు, అంటే అయిదో వంతుకు. 0.05 కంటే తక్కువ చూడలేని పాత పద్ధతిలో పరీక్ష చేస్తే, నీళ్లలో 0.03 ఉన్నా, అంటే హద్దుకు మూడు రెట్లు ఉన్నా, కాగితం మీద వచ్చేది బి.డి.ఎల్. అనే. కొందరైతే ఏకంగా 'నిల్' అని రాసేస్తారు. అది మరీ అన్యాయం. ఏమీ లేదని తేల్చి చెప్పగల యంత్రం ఎక్కడా లేదు.

నీళ్లలోని సీసానికి రంగు లేదు, వాసన లేదు. కాచినా పోదు. ఎక్కువగా దెబ్బ తగిలేది పసిపిల్లల మెదడుకు, గర్భంలోని బిడ్డకు. ఏళ్ల తరబడి బయటికి ఏమీ కనిపించకపోవచ్చు. చదువులో వెనకబడితే బిడ్డ మొద్దు అనుకుంటాం, అంతే.

"అడిగితే చెబుతాం కదా" అని ల్యాబుల వారు అనవచ్చు. అడగాలని తెలియనివారి మాటేమిటి? ఫలితం అర్థం కావడానికి అవసరమైన సమాచారం రిపోర్టులో ఉండాలని ల్యాబుల అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 17025 కూడా చెబుతోంది. బి.డి.ఎల్. పక్కన ఆ అంకె వేయడం ప్రతి ల్యాబుకూ తప్పనిసరి కావాలని మా అభిప్రాయం.

అంతవరకు, శాంపిలు ఇచ్చేటప్పుడే "సీసానికి మీ డిటెక్షన్ లిమిట్ ఎంత?" అని అడగండి. 0.01 కంటే బాగా తక్కువైతేనే డబ్బు కట్టండి. పాత రిపోర్టు ఉన్నవారు ఆ ల్యాబుతోనే ఆ అంకె రాయించుకొని, ఓ.పి.కి వచ్చేటప్పుడు వెంట తీసుకురండి.