మూక వెనుక ఎవరున్నారు?

ఫాసిజం మన రాజకీయాల్లో బాగా అరిగిపోయిన నాణెం. 1975లో ఇందిరాగాంధీ ఎమర్జెన్సీ విధిస్తే ప్రతిపక్షాలు దాన్ని ఫాసిజమన్నాయి. ఆమెకు మద్దతిచ్చిన సీపీఐ, జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమమే ఫాసిజమంది. ఆ డిసెంబరులో పాట్నాలో ఏకంగా ఫాసిస్టు వ్యతిరేక మహాసభే జరిగింది. ఇరుపక్షాలూ ఒకే మాటతో తిట్టుకున్నాక ఆ మాటకు మిగిలిన అర్థమేమిటి? (యూనివర్సిటీ హాస్టళ్లలోనైతే మెస్ బిల్లు పెంచిన వార్డెన్ కూడా ఫాసిస్టే.)

నిర్వచనాలను కాసేపు పక్కనపెట్టి ఒక ఊరిని చూద్దాం. జార్ఖండ్‌లో టాటానగర్ రైల్వేస్టేషన్‌కు దగ్గర్లో, జంషెడ్‌పూర్‌ను ఆనుకుని ఉంటుంది బాగ్‌బేరా. ఉక్కు కర్మాగారంలోనో రైల్వేలోనో పని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం నుంచి వెళ్లిన కుటుంబాలకు ఆ పరిసరాలు పరిచయమే. ఈ పోలీస్‌స్టేషన్ పరిధిలోని నాగాడీహ్ గ్రామంలో 2017 మే 18న జరిగిన ఘటన ఫాసిజం గురించి మాట్లాడే ఎవరికైనా గట్టి పరీక్ష.

పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని అప్పటికి కొన్ని రోజులుగా వాట్సాప్‌లో పుకార్లు. ఊళ్లు రాత్రిళ్లు కాపలా కాస్తున్నాయి. అలాంటి సమయంలో జుగ్‌సలాయికి చెందిన అన్నదమ్ములను ఆపి గుర్తింపు కార్డులు అడిగారు. విషయం తెలిసి ఇంట్లోవాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఇద్దరు అన్నదమ్ములనూ వారి మిత్రుణ్నీ మూక కొట్టి చంపింది. దెబ్బలు తిన్న నానమ్మ ఆ తర్వాత ఆస్పత్రిలో కన్నుమూసింది. పోలీసులొచ్చాక కూడా కొట్టడం ఆపలేదని ప్రాణాలతో బయటపడ్డ సోదరుడు చెప్పాడు. అదే రోజు పొరుగున సరాయికేలా-ఖర్సావాన్ జిల్లా శోభాపూర్‌లో నలుగురు ముస్లిం పశువుల వ్యాపారులు అదే పుకారుకు బలయ్యారు.

నాగాడీహ్ మృతులు హిందువులు. కనుక ఇందులో రాజకీయమే లేదని కొందరు చేతులు దులుపుకోవచ్చు. మూక కనబడగానే ఫాసిజమని మరికొందరు ముద్ర వేయొచ్చు. రెండూ తొందరపాటు తీర్పులే.

ఫాసిస్టులు ఏం చెప్పారన్నది కాదు, ఏం చేశారో, ఎవరు చేయనిచ్చారో చూడాలంటాడు అమెరికన్ చరిత్రకారుడు రాబర్ట్ పాక్స్‌టన్. ఆయన పుస్తకం 2004లో వచ్చింది. ఇటలీలోని పో నదీ లోయలో 1920-22 మధ్య నల్లచొక్కాల దళాలు వ్యవసాయ కూలీ సంఘాల కార్యాలయాలను తగలబెట్టాయి. భూస్వాములు డబ్బిచ్చారు. కొన్నిచోట్ల సైన్యం లారీలిచ్చింది. పోలీసులు చూసీచూడనట్టు ఊరుకున్నారు. 1922 అక్టోబరులో అనుచరులు రోమ్‌పైకి కవాతు చేస్తే ముసోలినీ మాత్రం మిలాన్ నుంచి రాత్రి రైల్లో వచ్చాడు. రాజే పిలిచి ప్రధాని పదవి ఇచ్చాడు.

ఈ కొలబద్దకు నాగాడీహ్ పూర్తిగా సరిపోదు. అక్కడ పార్టీ లేదు, యూనిఫాం లేదు, నాయకుడు లేడు. ఉన్నది భయం. దానికీ ఒక నేపథ్యముంది. ఆదివాసీ భూములకు రక్షణగా ఉన్న ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టానికి 2016 నవంబరులో జార్ఖండ్ అసెంబ్లీ సవరణలు చేసింది. 2017 ఆగస్టులో ప్రభుత్వం వెనక్కి తగ్గేదాకా ఆదివాసీ గ్రామాలు ఉడికిపోయాయి. నగరం అంచున ఉన్న పల్లెకు కొత్త మనిషంటే అనుమానం కలగడానికి వాట్సాప్ ఒక్కటే కారణమనుకోలేం.

అదే జంషెడ్‌పూర్‌లో 1979 ఏప్రిల్ నాటి మారణకాండ వేరే కోవలోది. శ్రీరామనవమి ఊరేగింపు ఏ దారిన పోవాలన్న పేచీ ముదిరి 108 మంది చనిపోయారు. జితేంద్ర నారాయణ్ కమిషన్ ఆరెస్సెస్‌నూ స్థానిక ఎమ్మెల్యే దీనానాథ్ పాండేనూ తప్పుబట్టింది. అక్కడ కోపం దానంతటదే పుట్టలేదు, దాన్ని కూడగట్టినవాళ్లున్నారు.

నా దృష్టిలో అసలు తేడా బయటపడేది హత్య తర్వాతే. నాగాడీహ్ కేసులో 2025లో జంషెడ్‌పూర్ కోర్టు ఐదుగురికి యావజ్జీవ శిక్ష వేసింది. వాళ్లకెవరూ సన్మానం చేయలేదు. అదే రాష్ట్రంలోని రామ్‌గఢ్‌లో 2017 జూన్‌లో పశుమాంసం తీసుకెళ్తున్నాడంటూ అలీముద్దీన్ అన్సారీని చంపిన కేసులో శిక్ష పడి, హైకోర్టు బెయిలుపై వచ్చినవారికి 2018 జులైలో అప్పటి కేంద్రమంత్రి జయంత్ సిన్హా తన ఇంట్లో పూలమాలలు వేశారు. తర్వాత ఆయన విచారం వ్యక్తం చేశారు, నిజమే. కానీ దండ వేసిన దృశ్యం ఎంతమందికి చేరిందో విచారం అంతమందికి చేరిందా? పో లోయలో లారీలిచ్చినవాళ్లు నాకు గుర్తొచ్చింది ఇక్కడే.

మూకహత్యలపై జార్ఖండ్ అసెంబ్లీ 2021 డిసెంబరులో బిల్లు ఆమోదిస్తే, మూక అన్న పదానికిచ్చిన నిర్వచనాన్ని పునఃపరిశీలించాలంటూ 2022 మార్చిలో గవర్నర్ తిప్పిపంపారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది కలిసి జాతి, కులం, సముదాయం, భాష, పుట్టినచోటు వంటి కారణాలతో చేసే హత్య ప్రత్యేక నేరం. ఆ జాబితాలో పిల్లల దొంగ అన్న అనుమానం మాత్రం లేదు.